పెద్దయ్య ఒంటి మీద చారలు

పద్దెనిమిది కోట్ల సంవత్సరాల క్రితం చచ్చిపోయిన జంతువు ఒంటి మీద కొత్తగా చార పెరగడానికి వీల్లేదు. కానీ పెరిగింది.

దాన్ని అందరికంటే ముందు చూసింది హైమవతి. చీకటి హాల్లో బడిపిల్లలు నేల మీద కూర్చుని నోళ్లు తెరుచుకుని పైకి చూస్తున్నారు. వాళ్లకు ఎదురుగా పెద్దయ్య ఎముకలు. ఎముకల చుట్టూ సన్నని పొగమంచు తెర. ఆ మంచు మీద కండ, కండ మీద చర్మం, చర్మం మీద పసిడి చారలు. ఊపిరి పీలుస్తున్నట్టు డొక్కలు లేచి పడుతున్నాయి. హైమవతి ఆ వైభవమంతా వదిలేసి కుడి తొడ ఎముకకు బిగించిన ఇనప పట్టీ వంక చూస్తోంది. ప్రదర్శన మొదలైన రోజు ఆ చార పట్టీకి జానెడు కిందే ఆగిపోయింది. ఇప్పుడు పట్టీని దాటి పైకి పోయింది.

"మేడం, ఇది అసలుదా, నకలుదా?" ముందు వరసలోంచి ఒక పిల్ల అడిగింది.

ఈ మ్యూజియంలో ఆ ప్రశ్న వినబడని రోజు లేదు. హైమవతికి జవాబు నోటికొచ్చు.

"తలకాయ తప్ప అంతా అసలుదే బిడ్డా. తల దొరకలే. అది మేం ప్లాస్టర్‌తోని చేసి పెట్టినం."

"మరి ఆ చారలు?"

ఇంకో రోజైతే టక్కున చెప్పేది. ఇవాళ ఒక్క క్షణం తడబడింది. "అసలువే," అంది.

మంచిర్యాల నుంచి చెన్నూరు వెళ్లే దారిలో ఉంటుంది ఆ మ్యూజియం. గోదావరి లోయలో రాళ్లు తవ్వుతుంటే బయటపడిన రాక్షసబల్లి ఎముకల్ని ఏరి, జిగురు పెట్టి అతికించి, ఇనప చట్రానికి బిగించి ఒక ట్రస్టు వాళ్లు నిలబెట్టారు. ఎముకలు మోసిన కూలీలు దానికి పెద్దయ్య అని పేరు పెట్టారు. శాస్త్రీయ నామం బోర్డు మీద ఉంది కానీ దాన్ని చదివినవాళ్లు తక్కువ. హైమవతి ఇక్కడ చిన్న ఉద్యోగంలో చేరి క్యూరేటర్ దాకా ఎదిగింది. ఎండాకాలం సెలవుల్లో తప్ప హాలు నిండిన సందర్భాలు ఆమెకు గుర్తు లేవు.

తమ్ముడు భార్గవ తన యంత్రాన్ని తెచ్చి పెట్టాక అంతా మారిపోయింది.

ప్రదర్శన ముగియగానే ఆమె వెనకాల ఉన్న అద్దాల గదిలోకి దూసుకుపోయింది. భార్గవ తెరల ముందు కూర్చుని అటుకులు నములుతున్నాడు.

"మొదటి రోజు బొమ్మ తియ్యరా."

"ఎందుకక్కా?"

"తియ్యి చెప్తా."

తీశాడు. దాని పక్కన ఇవాళ్టిది పెట్టాడు. నమలడం ఆపేశాడు.

"కొలతల తేడా అయి ఉంటది," అన్నాడు.

"తేడా అయితే అన్ని చారలూ మారాలె. ఇదొక్కటే ఎందుకు మారింది?"

భార్గవ అటుకులు పక్కన పెట్టాడు. కెమెరాను తొడ ఎముక దగ్గరికి తిప్పి, మూడు దీపాల్లో ఒకదాన్ని వెలిగించాడు. నీలపు వెలుగు ఎముకను తాకింది. ఏ పదార్థానికి ఆ వెలుగు తగిలినా అది తనదైన రంగులో మెరుస్తుంది. రాయి ఒకలా, చర్మపు ఆనవాలు ఇంకోలా. యంత్రం ఆ మెరుపుల్ని గుర్తుపట్టి, ఈ కాలపు మరకల్ని తీసేసి, మిగిలిన పాత ఆనవాళ్లను బట్టి జంతువుకు చర్మం తొడుగుతుంది. ఆనవాళ్లు లేని చోట పక్కవాటిని చూసి ఊహించి నింపుతుంది. దీనికోసం భార్గవ హైదరాబాదులో ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్లు ధారపోశాడు. పెళ్లి మాటెత్తితే యంత్రం పూర్తి కానీయమన్నాడు. అక్క ఇంటి ముందుగదిలో మంచం కింద దాకా తీగలే.

నల్లని తెర మీద చార మెరిసింది. పట్టీకి పైన, నిన్నటిదాకా ఏమీ లేని చోట, సన్నగా, పచ్చగా.

"పెరిగింది," అన్నాడు భార్గవ. అతని గొంతులో భయం లేదు. పండగ ఉంది.

*

ట్రస్టు ఛైర్మన్ నరసింగరావుకు సంగతి తెలిసిన మర్నాడే గేటు ముందు కొత్త బోర్డు వెలిసింది. 'చారలు పెరుగుతున్న పెద్దయ్య'. మంచిర్యాల బస్టాండు దగ్గర ఆటోవాళ్లు బళ్లకు పసిడి గీతలు వేయించుకున్నారు. టీవీ వాళ్లు వచ్చారు. చచ్చిన జంతువు లేస్తోందా అని ఒకాయన అరగంట సేపు చర్చ పెట్టాడు.

"శుక్రవారం జిల్లాల ఉన్న బడిపిల్లలందర్నీ పిలుస్తున్న," అన్నాడు నరసింగరావు, హాలు మధ్యలో నిలబడి చేతులు చాచి. "ఈ తాడు తీసేద్దాం. పెద్దయ్య కడుపు కింద టార్పాలిన్ పట్టాలు పరిచి పిల్లల్ని పండబెడ్దాం. పైకి చూస్తే చర్మం, చారలు, ఊపిరి. ఎట్లుంటది హైమా?"

"బాగుంటది సార్. కానీ చార ఎందుకు పెరుగుతుందో మనకే తెల్వది."

"తెలిస్తే ఎవరొస్తరు చూడనీకి? ఒక విదేశీ మ్యూజియం వాళ్లు గూడ ఆ రోజు ఆన్‌లైన్ల చూస్తరట. మీ తమ్ముని యంత్రం వాళ్ల మ్యూజియంల పెట్టుకుంటరట. ఇంకేం గావాలె?"

భార్గవ అక్క వంక చూశాడు. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంది. ఆమె నోరు మూసుకుంది. నోరు మూసుకున్నంత మాత్రాన బుర్ర ఊరుకోదు కదా.

గురువారం మధ్యాహ్నం ఆమె గోదాములోకి వెళ్లింది. పెద్దయ్య తోక ఎముకల్లో ఒకటి చట్రంలో ఇమడక మిగిలిపోయింది. తవ్విన చోట చుట్టిన గోనెపట్టా, సున్నపు కట్టు అలాగే ఉన్నాయి. అది ఎన్నడూ హాల్లోకి రాలేదు. పాత అటెండరు సమ్మయ్యను పిలిచి ఇద్దరూ కలిసి కట్టు కోశారు. నీలపు వెలుగిచ్చే చిన్న దీపం కింద పెట్టారు.

ఎముక నల్లగా ఉండిపోయింది. ఒక్క మెరుపు లేదు.

"జంతువు అదే, తవ్విన గుంట అదే," అంది హైమవతి, భార్గవను చెయ్యి పట్టి లాక్కొచ్చి. "దీని మీద చారలేవి?"

"తోక మీద ఉండకపోవచ్చు."

"హాల్లో ఉన్న తోక కొస మీద ఉన్నయి."

"మట్టి తీరు వేరు అయి ఉండొచ్చు. ఒకే పక్షి రెక్కలు రెండుంటే ఒకటి నిలుస్తది, ఒకటి కుళ్లిపోతది. నీకు నేను చెప్పాల్నా?"

"ఇంకో సంగతి చూడు." ఆమె అతన్ని హాల్లోకి తీసుకుపోయి పెద్దయ్య పక్కన నిలబడి చెయ్యి పైకెత్తింది. "యంత్రం ఊహించి నింపినవి పక్కన పెట్టు. మొదటి రోజు నిజంగా మెరిసిన చారలన్నీ కాళ్ల మీద, వేళ్ల మీద, కిందికి వంగిన తోక మీద. నా చెయ్యి అందే ఎత్తు దాటి ఒక్కటి లేదు. మెడ మీద లేదు, వెన్ను మీద లేదు."

"కాళ్ల మీదనే చారలుండే జంతువులు లేవా?"

ఉన్నాయి. ఆఫ్రికా అడవుల్లో ఉన్నాయి. ఆమె చెయ్యి దించింది.

"అక్కా," అన్నాడు భార్గవ, ఈసారి నెమ్మదిగా. "రేపొక్కరోజు నన్ను నమ్ము."

*

శుక్రవారం పొద్దున హైమవతి స్నానం చేసి వచ్చేసరికి తల్లి యశోదమ్మ వీధి గడప కడుగుతోంది. భార్గవ అప్పటికే మ్యూజియానికి వెళ్లిపోయాడు. తువ్వాలు, చెప్పులు, పరీక్షకు వాడే చేతిదీపం అన్నీ ఎక్కడివక్కడే పారేసి పోయాడు.

"నీ తమ్ముని తీరే ఉందే ఈ గడప," అంది యశోదమ్మ, పసుపు ముద్ద అరచేత్తో రుద్దుతూ. "ఎంత పెట్టినా లోపలికే గుంజుకుంటది. పైకి ఏం కనబడదు."

గడప పాతది. ఎండకు ఎండి, వానకు తడిసి నిలువునా నెర్రెలు విచ్చింది. ఒక పక్క ఆమె ఇంకా పసుపు రాయలేదు, కడిగి వదిలేసింది. ఆ పక్క కర్ర బోసిగా ఉంది కానీ నెర్రెల్లో మాత్రం పోయిన వారం పసుపు, అంతకు ముందు వారం పసుపు, ఏళ్లనాటి పసుపు సన్నని గీతలుగా నిలిచిపోయింది.

హైమవతి చెప్పుల పక్కన పడి ఉన్న చేతిదీపం అందుకుంది. తలుపు దగ్గరికి వేసి, వంగి వెలిగించింది.

గడప నిండా పసిడి చారలు లేచాయి.

"అయ్యో, ఇదేందే? నిప్పంటుకున్నట్టుంది," అంది యశోదమ్మ వెనక్కి జరిగి.

"అమ్మా, మొన్న దసరాకు మ్యూజియంల పెద్దయ్య కాళ్లకు పసుపు ఎవరు పెట్టిండ్రు?"

"నన్నడుగుతవేంది? నువ్వే పెట్టినవ్. నా పసుపు కుంకుమ భరిణె తీస్కపోయి ఇప్పటిదాంక తేలే."

నిజమే. ప్రతి దసరాకూ ఆయుధపూజ రోజున సుత్తులకు, ఉలులకు, మోటారుకు పెట్టాక పెద్దయ్యకూ పెడతారు. వేళ్లకు, కాళ్లకు, తోకకు మూడేసి వేళ్ల పసుపు గీతలు, మధ్యలో కుంకుమ బొట్టు. చెంబెడు పసుపు నీళ్లు చల్లుతారు. మర్నాడు తుడిచేస్తారు. చేరిన ఏడాది నుంచీ హైమవతి తన చేత్తోనే పెడుతోంది. అది ఎంత మామూలు పనంటే, ఇన్నాళ్లుగా చారల గురించి తల బద్దలు కొట్టుకుంటున్న మనిషికి ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆమెకు నవ్వొచ్చింది. గోడకు ఆనుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. విదేశీ మ్యూజియం వాళ్లు, టీవీ చర్చ, చారల ఆటోలు. యశోదమ్మ కూతురికేమైందోనని చూస్తూ నిలబడింది.

నవ్వు మధ్యలోనే తెగింది.

పసుపు పెరగదు. తుడిచేసినా నిలిచేది నెర్రెల్లోనే. చార పెరిగిందంటే పెరిగేది పగులు.

"అమ్మా, ఆ పసుపు డబ్బా ఇటియ్యి," అంటూనే ఆమె స్కూటీ తాళం కోసం పరుగెత్తింది.

*

మ్యూజియం ముందు అప్పటికే బస్సులు ఆగి ఉన్నాయి. హాల్లో తాడు తీసేశారు. పెద్దయ్య కడుపు కింద, కాళ్ల మధ్య నీలం పట్టాలు పరిచారు. పిల్లలు వరండాలో వరసల్లో నిలబడి ఒకళ్ల జడలు ఒకళ్లు గుంజుకుంటున్నారు.

హైమవతి అద్దాల గదిలోకి వెళ్లి డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టింది.

"దీన్ని పరీక్ష చెయ్యి."

"ఇది అమ్మ పసుపు డబ్బా కదా?"

"చెయ్యిరా."

చిటికెడు పసుపు, చిన్న దీపం. తెర మీద దాని మెరుపు కొలత ఒక వంపు గీతగా వచ్చింది. భార్గవ తనంతట తానే పెద్దయ్య చార తాలూకు గీతను తెచ్చి దాని మీద పెట్టాడు. రెండూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి.

అతను వాటిని విడదీసి మళ్లీ కలిపి చూశాడు.

"యంత్రానికి ఏది మరకో నేర్పించినవ్ గద," అంది హైమవతి. "ఏమేం నేర్పించినవ్?"

"చెమట. సబ్బు. మైనం, జిగురు, బూజు. కాఫీ మరకలు. బీరు గూడ ఉంది. బయటి ల్యాబులల్ల వాళ్లు పరీక్ష చేసినవన్నీ తీస్కొచ్చి పెట్టిన." అతను తల పట్టుకున్నాడు. "పసుపు లేదు."

"బీరెవరు పోస్తరురా ఎముకల మీద?"

"వాళ్ల ల్యాబులల్ల పోస్తరేమో." నవ్వబోయాడు, రాలేదు. "పసుపు ఇంట్ల పుట్టి, పసుపు ఇంట్ల పెరిగి..."

"అది తర్వాత ఏడువు. చార పెరుగుతున్నదంటే పగులు విచ్చుకుంటుంది. పసుపు నీళ్లు ఎప్పుడో లోపలికి పీల్చుకుని పైదాక ఎక్కినయి. ఎముక పొడి రాలకుండ మీద పూసిన పాత లక్క వాటిని మూసి ఉంచింది. ఇప్పుడా లక్క పెళుసుబారి ఊడుతుంది. ఇన్నేండ్లు లేనిది ఇప్పుడే ఎందుకు?"

భార్గవ లేచి అద్దంలోంచి మూడు దీపాల వంక చూశాడు. తొడ ఎముకకు ఒకటి రెండు బారల దూరంలో ఉన్నాయి. ప్రదర్శన మొదలుపెట్టిన రోజు నుంచీ పూటపూటకూ వెలుగుతున్నాయి.

"వేడి," అన్నాడు. "నా దీపాల వేడి."

"కింద పిల్లల్ని పండబెడుతున్నరు."

"యంత్రం చెడిపోయిందని చెప్తా. ఇవ్వాళ్టికి ఆగిపోతది. పసుపు సంగతి తర్వాత నిదానంగా..."

తలుపు తోసుకుని నరసింగరావు వచ్చాడు. చివరి మాటలు విన్నాడు.

"చెడిపోతే చెడిపోనియ్. ఎముకలున్నయి గద. పిల్లల్ని కింద పండబెట్టి ఫొటోలన్న దింపుదాం. ఎండల వచ్చిండ్రు."

"వద్దు సార్," అంది హైమవతి. "తొడ ఎముకకు పగులుంది. పడొచ్చు."

"పగులా? కంటికి కనబడతలేదే. నీకెట్ల తెలిసింది?"

"చారే పగులు సార్."

నరసింగరావు ఆమె వంక, డబ్బా వంక, భార్గవ వంక చూశాడు. "అంటే చార అబద్ధమా?" అడిగింది ఆమెను కాదు, అతన్ని.

హైమవతి నోరు తెరవబోయి ఆగిపోయింది. ఈ మాట తను చెబితే తమ్ముడి తొమ్మిదేళ్లనూ తనే తుడిచిపెట్టినట్టు. చెప్పకపోతే ఇంకాసేపట్లో తలుపులు తీస్తారు.

భార్గవ పసుపు డబ్బాకు మూత పెట్టాడు. బల్ల మీది మైకు తీసుకుని గదిలోంచి బయటికి నడిచాడు.

*

పిల్లల్ని హాల్లోకి రానిచ్చారు కానీ తాడు మళ్లీ కట్టించాడు భార్గవ. నలుగురైదుగురు దాన్ని దాటి పట్టాల మీద కూర్చోబోతే సమ్మయ్య రెక్కలు పట్టి వెనక్కి లాగాడు. పక్క గోడ మీది తెరలో విదేశీ మ్యూజియం వాళ్ల ముఖాలు కనబడుతున్నాయి.

"యంత్రం రోజూ మీకు చర్మం, కండ చూపిస్తది," అన్నాడు భార్గవ. "అందుల సగం దాని ఊహ. ఇవ్వాళ ఊహ ఆపేస్తున్న. ఉన్నది ఉన్నట్టు చూపిస్త. ఇదేందో మీరే చెప్పాలె. ఎక్కువసేపు చూపియ్య, వేడి తగుల్తది."

దీపం వెలిగింది. పొగమంచు రాలేదు, ఊపిరి రాలేదు. నల్లని ఎముకలు, వాటి అడుగు భాగాన పచ్చని మెరుపులు. కాలి వేళ్ల మీద మూడేసి గీతల్లో చుక్కలు చుక్కలుగా. తొడ మీద ఒకే ఒక పొడుగు గీత, వంకర టింకరగా పైకి.

"పాము సార్."

"నరం సార్."

"మెరుపు పడ్డది సార్."

వెనక వరసలో రెండు జడల పిల్ల లేచి నిలబడింది. "సార్, మా గడప గిట్లనే ఉంటది."

హాలంతా గొల్లుమంది. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది కానీ కూర్చోలేదు.

"నీ పేరేంది?" అడిగాడు భార్గవ.

"శ్రావంతి."

"గడపకు ఏం పెడ్తరు శ్రావంతీ?"

"పసుపు. వేళ్ల దగ్గర ఉన్నయి గూడ పసుపు గీతలే సార్. మా తాత బండికి గట్లనే పెడ్తడు."

నవ్వులు ఆగిపోయాయి. గోడ మీది తెరలో ఒకామె పక్కనున్నాయన చెవిలో ఏదో అడుగుతోంది. భార్గవ అటు చూడలేదు.

"మరి తొడ మీద గీత ఎవరు పెట్టలే. అదెట్ల వచ్చింది?"

"పగుల్ల ఇరుక్కుంది సార్," అన్నాడో పిల్లవాడు.

"మొదటి రోజు అది పట్టీ కింద ఉండె. ఇవ్వాళ పట్టీ పైకి వచ్చింది. అంటే ఏమైనట్టు?"

ముందు వరసలో కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే కాళ్లతో నేలను తన్నుకుంటూ వెనక్కి జరిగారు. వాళ్లను చూసి రెండో వరస జరిగింది. ఆ వెనక నరసింగరావు కూడా రెండడుగులు వెనక్కి వేశాడు.

"గదే," అన్నాడు భార్గవ మైకు దించి. దీపం ఆర్పేశాడు.

సమ్మయ్య, ఇంకో ఇద్దరూ పక్కన కడుతున్న బిల్డింగు నుంచి సెంట్రింగ్ కర్రలు మోసుకొచ్చారు. తోక కింద, నడుము కింద దూరం నుంచే నిలబెట్టి బిగించారు. తొడ దగ్గరికి రావద్దని హైమవతి అరిచింది. టీచర్లు పిల్లల్ని వరసగా బయటికి పంపుతున్నారు. హాలు సగం ఖాళీ అయింది.

ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. పెద్దది కాదు. ఆ వెంటనే ఇనప పట్టీ కిర్రుమంది. తొడ ఎముక చార వెంబడే నిలువునా చీలి, ఒక ముక్క జారి, పిల్లల కోసం పరిచిన నీలం పట్టాల మీద దభీమని పడింది. నేల అదిరింది. నడుము కర్రల మీదికి ఒరిగి ఆగింది.

దుమ్ము కమ్ముకుంది. అందులోంచి సమ్మయ్య గొంతు వినబడింది. "అందరం ఉన్నం మేడం. పెద్దయ్యే కుంటోడైండు."

హైమవతి ఒంగి పట్టా అంచు పట్టుకుంది. భార్గవ ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అలవాటు కొద్దీ చేతిదీపం వెలిగించాడు. విరిగిన చోట ఒక అంచున పసుపు మెరిసింది, అది తెలిసిందే. లోపల, ఎముక నడిమధ్యన, ఏ నీళ్లూ ఏ చెయ్యీ చేరని చోట, గోరంత మేర ఇంకేదో మెరిసింది. పచ్చగా కాదు. నెమలి కంఠం రంగులో.

ఇద్దరూ ఇంకా దగ్గరికి వంగి చూశారు. నరసింగరావు వెనక నుంచి మెడ చాచాడు. "అదేంది?"

భార్గవ చెయ్యి మైకు వైపు వెళ్లింది. హైమవతి ఆ మణికట్టు పట్టుకుంది.

"ఆగు," అంది. "ముందు అమ్మ వంటింట్ల ఏమేమున్నయో అన్నీ పరీక్ష చెయ్యి."

*

పేపర్లు 'పసుపు శాస్త్రవేత్త' అని రాశాయి. విదేశీ మ్యూజియం వాళ్లు మర్యాదగా ఒక ఉత్తరం రాసి ఊరుకున్నారు. గేటు ముందు బోర్డు తీసేశారు. ఆటోల మీది గీతలు మాత్రం అలాగే ఉన్నాయి, అందంగా ఉన్నాయని. కొన్నాళ్లు హాలు బోసిపోయింది. భార్గవ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. యశోదమ్మ అతని ముందు పోపులపెట్టె తెచ్చి పెట్టి, "ఏందో పరీక్ష చెయ్యాలన్నరట. చేసి నా పెట్టె నాకియ్యి, పప్పు పోపు లేక సల్లగైతుంది," అంది.

అతను లేచాడు. మెంతులు, ఇంగువ, మిరప్పొడి పరీక్ష చేశాడు. తర్వాత కుంకుమ, గంధం, విభూతి, అగరుబత్తి మసి, వేపనూనె, సమ్మయ్య నేల తుడిచే ఫినాయిలు. ఆ నెమలి రంగుకు ఏదీ అతకలేదు. పెద్ద దీపాలు ఇక వాడలేదు. చల్లని దీపం కొత్తగా తయారుచేయడం మొదలుపెట్టాడు. ఇంకెన్నేళ్లు పడుతుందని తల్లి అడిగితే తెలియదన్నాడు. పెళ్లి మాట అడిగితే అదీ తెలియదన్నాడు.

విరిగిన తొడ ఎముకను పిల్లల ఎత్తులో గాజుపెట్టెలో పెట్టింది హైమవతి. పక్కన ఒక మీట. నొక్కితే కంటిరెప్ప వేసేంతసేపు నెమలి రంగు మెరిసి ఆరిపోతుంది. కింద బోర్డు మీద ఆమె రాయించిన మాట ఒక్కటే: 'ఇదేమిటో మాకింకా తెలియదు. మీరేమనుకుంటున్నారు?' రెండు జడల శ్రావంతి ఒక ఆదివారం తాతను వెంటబెట్టుకుని వచ్చింది. ఇంకో ఆదివారం వీధి మొత్తాన్ని తెచ్చింది.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజున సుత్తులకు, ఉలులకు, భార్గవ సగం బిగించిన కొత్త దీపానికి బొట్లు పెట్టాక సమ్మయ్య పసుపు పళ్లెం పట్టుకుని పెద్దయ్య ముందు నిలబడిపోయాడు. చూడటానికి వచ్చిన పిల్లలు చుట్టూ మూగారు.

"మేడం, ఈసారి ఎట్ల మరి? పెట్టకపోతే మనసొప్పుతలేదు. పెడితే మల్ల సార్‌కు కష్టం."

హైమవతి పెద్దయ్యను కాలి వేళ్ల నుంచి పైదాకా చూసింది. కర్రల ఆసరాతో నిలబడ్డ నడుము, మెడ, ఆ పైన ఎక్కడో తెల్లగా ప్లాస్టర్ తల.

"నిచ్చెన తే సమ్మయ్యా. తలకాయకు పెట్టు. అది మనం చేసిందే."

సమ్మయ్య ముఖం విచ్చుకుంది. భార్గవ నిచ్చెన పట్టుకున్నాడు. సమ్మయ్య పైకెక్కి, ఒక చేత్తో మెడ ఎముక తగలకుండా జాగ్రత్తపడుతూ, తెల్లని నుదుటి మీద మూడు వేళ్లతో పసుపు గీసి మధ్యన కుంకుమ అద్దాడు.

కింద నిలబడ్డ చిన్న పిల్లవాడు హైమవతి కొంగు పట్టి లాగాడు. "మేడం, అది అసలుదా, నకలుదా?"

"తలకాయ నకలుది బిడ్డా," అంది ఆమె, ఈసారి తడబడకుండా. "బొట్టు అసలుది."